గేటు కాపలాలో ఒక మల్టీమీటర్

నేను ఒక మల్టీమీటర్‌ని, కరెంటు కొలిచే పరికరాన్ని. ఈ సంగతి ఈ గదిలో ఇద్దరికే తెలుసు. ఒకరు బమ్మిడి తవిటయ్య, ఇంకొకరు నేను. మిగతావాళ్ల దృష్టిలో ప్రస్తుతానికి నేను జామర్‌ని. పది నిమిషాల క్రితం రిమోట్‌ని. అంతకుముందు ఒక అటెండరు కాస్త పెద్ద గొంతుతో చెప్పిన ప్రకారం బాంబుని.

నన్ను పాలిథిన్ కవర్లో పెట్టి చైర్మన్ గారి బల్ల మీద పడుకోబెట్టారు. విశాఖపట్నానికి గంట ప్రయాణం దూరంలో ఉన్న ఇంజినీరింగ్ కాలేజీ ఇది. ఇవాళ ఇక్కడ బ్యాంకు ఉద్యోగాలకు ఆన్‌లైన్ పరీక్ష. పొద్దున్న పది గంటలకు మూడు వందల పన్నెండు మంది కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. పదీ ఇరవైకి తెరలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి. వెలిగాయి. పదకొండుకు మళ్లీ నల్లబడ్డాయి. పదకొండున్నరకు మూడోసారి ఆరినప్పుడు పరీక్ష ఆపేశారు. రెండు గంటలకు రెండో బ్యాచ్ ఉంది. పిల్లలు అప్పుడే గేటు బయట బారులు తీరారు.

ఆ గేటు దగ్గర ఉండాల్సిన గార్డు తవిటయ్య. మూడోసారి తెరలు ఆరినప్పుడు అతను దొరికింది మాత్రం యు.పి.ఎస్. గదిలో. ఒక చేతిలో ఎర్ర వైరు, ఇంకో చేతిలో నల్ల వైరు, మెడలో నేను. నాలుగు సినిమాలు చూసినవాడికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పట్టుకున్నది ఎలక్ట్రానిక్స్ శాఖాధిపతి డాక్టర్ శేషశయనం గారు. ఆయన డాక్టరేటు కంటికి కనబడనంత చిన్న వస్తువుల మీద. నేను కంటికి కనబడతాను కాబట్టి ఆయన పరిధిలోకి రాను. నన్ను అటూ ఇటూ తిప్పి, లోపల ముల్లు కదలడం చూసి, ఇది నెట్‌వర్క్‌ను చంపే యంత్రమని తేల్చేశారు.

చైర్మన్ మజ్జి చక్రధరం గారు పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేయమన్నారు. తవిటయ్యకు అసలు చిక్కు అక్కడే వచ్చింది. అతనికి రైల్వే సిగ్నల్ విభాగంలో టెక్నీషియన్‌గా ఎంపికైనట్టు ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. సైన్యం నుంచి బయటికొచ్చిన ఆరేళ్లలో అలాంటి ఉత్తరం అదొక్కటే. ఇక మిగిలింది పోలీసు విచారణ కాగితం. అది రావాల్సింది సరిగ్గా ఆ స్టేషన్ నుంచే.

"ఏటోయ్ తవిటయ్యా, గేటు కాడ నిలబడమంటే లోపలికెందుకెల్లేవు?" అన్నారు చైర్మన్.

"యు.పి.ఎస్. మూడు కూతలు కూసింది సార్. వినపడింది, ఎల్లిపోనాను."

నిజమే చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. కూత వినగానే పరిగెత్తే జబ్బు అతనికి ఎలా పట్టిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నేను పుట్టిన ఫ్యాక్టరీలో నా ముల్లును సున్నా మీద నిలబెట్టింది ఒక అమ్మాయి. ఆ పని చేసేటప్పుడు ఊపిరి బిగబట్టేది. నా గురించి అంత శ్రద్ధ చూపిన మనుషులు ఆ తర్వాత ఇద్దరే తగిలారు. నన్ను చెక్కపెట్టెలో సర్ది ఉత్తరాదిన ఒక సైనిక శిక్షణ కేంద్రానికి పంపారు. అక్కడ సుబేదార్ కురియన్ చేతికొచ్చాను. వైర్‌లెస్, కేబుల్, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి, ఏ సైన్యమైనా నోరు మెదపాలంటే కావలసినవన్నీ నేర్పే ఉస్తాద్ ఆయన. పొద్దున్నే సెట్టులో ఏదో ఒక వైరును దొంగచాటుగా ఊడదీసి, "ఇది చచ్చింది, ఎందుకు చచ్చిందో చెప్పండి" అని మలయాళం వాసన కొట్టే హిందీలో అనేవాడు. నాతో కొలవకుండా స్క్రూడ్రైవర్ పట్టుకున్నవాడు ఆ సెట్టును నెత్తిన పెట్టుకుని మైదానం చుట్టూ పరిగెత్తాలి.

మొదటి నెలంతా పరిగెత్తినవాడు తవిటయ్య. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు. రెండో నెల నుంచి ఎవరూ అతన్ని పరిగెత్తించలేకపోయారు. యంత్రం కూత వేస్తే చాలు, అన్నం పళ్లెం వదిలేసి వెళ్లేవాడు. పెద్ద జీతాలు తీసుకునే మనుషుల్లో అలాంటి జబ్బు నేను ఎక్కడా చూడలేదు.

ఇరవై రెండేళ్లలో హవల్దార్ అయ్యాడు. చలికి బ్యాటరీలు గడ్డకట్టే చోట్ల నన్ను కోటు లోపల పెట్టుకుని వెచ్చగా ఉంచేవాడు. ఇంతలో అంకెలు చూపించే మీటర్లు వచ్చాయి. ముగ్గురు అధికారులు కమిటీగా కూర్చుని, నన్ను ముట్టుకోకుండానే, మరమ్మతుకు పనికిరానని సంతకాలు చేశారు. నన్ను వేలానికి పెట్టిన నెలలోనే తవిటయ్యనూ ఇంటికి పంపారు. రసీదు రాయించుకుని నన్ను కొనుక్కున్నాడు. ఇద్దరం కలిసి బయటికొచ్చాం.

పంపేముందు సైన్యం అతనికో మేలు చేసింది. పౌర జీవితంలో పనికొచ్చే కోర్సు ఎంచుకోమని జాబితా ఇచ్చింది. ఎలక్ట్రానిక్స్ నిండిపోయింది. మిగిలినవి పుట్టగొడుగుల పెంపకం, సెక్యూరిటీ. తవిటయ్య సెక్యూరిటీలో చేరి, నిటారుగా నిలబడటం ఎలాగో మూడు నెలలు నేర్చుకున్నాడు.

తర్వాత ఉద్యోగాల వేట. సైన్యం ఇచ్చిన ధ్రువపత్రం డిప్లొమాతో సమానమని దాని మీదే అచ్చువేసి ఉంది. ప్రతి ఆఫీసులోనూ ఆ మాట చదివి, బాగుంది, మరి డిప్లొమా ఏదీ అని అడిగారు. ఒక కంపెనీవాడు ఎక్స్‌ఛేంజి నడిపావా అని ఆశ్చర్యపోయి, ఏ కాలేజీలో నేర్చుకున్నావన్నాడు. చివరికి ఈ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగానికి వచ్చాడు. శేషశయనం గారు ఆ పత్రాన్ని వెలుతురుకు పెట్టి చూసి, మా యూనివర్సిటీ దీన్ని గుర్తించదని చెప్పారు. పక్కనే కూర్చున్న చైర్మన్ గారు మాత్రం తవిటయ్య ఎత్తును, మీసాన్ని వెంటనే గుర్తించారు. అలా అతను గేటుకు, నేను అతని టిఫిన్ సంచిలోకి చేరాం.

ఆ గేటు దగ్గర ఈ ఐదేళ్లలో జరిగిన చదువు ల్యాబుల్లో జరగలేదు. ఆఖరి సంవత్సరం పిల్లలు పనిచేయని ప్రాజెక్టులను అట్టపెట్టెల్లో తెచ్చేవారు. తవిటయ్య నన్ను బయటికి తీసి, "ముందు కొలండి బాబూ, తరవాత ముట్టుకోండి" అనేవాడు. అవి పనిచేసేవి. శేషశయనం గారు వాటికి మార్కులు వేసి, తన శాఖ ప్రమాణాల గురించి పత్రికలవాళ్లకు చెప్పేవారు.

తవిటయ్యకు ఇంకో అలవాటుంది. కంప్యూటర్ ల్యాబ్ వెనక గోడవార భూమిలోకి దింపిన ఇనుప పైపు ఒకటి ఉండేది. దాన్నే ఎర్త్ పిట్ అంటారు. యంత్రాల్లోంచి పొరపాటున లీకయ్యే కరెంటు రాగిపట్టీ మీదుగా దానిలోకి దిగి నేలలో కలిసిపోతుంది. నేల ఎండితే అది పనిచేయదు. అందుకే శిక్షణలో ప్రతి పొద్దున్నా దానికి నీళ్లు పోయించేవారు. తవిటయ్య ఇక్కడా రోజూ రెండు బకెట్లు పోసేవాడు. బూట్లు తడవకుండా విప్పేసి పోసేవాడు. అటువైపు వెళ్లే జనానికి కనబడింది ఏమిటంటే, గార్డు పొద్దున్నే చెప్పులు లేకుండా ఒక పైపుకు జలాభిషేకం చేస్తున్నాడు. నెల తిరక్కుండా క్యాంటీన్ అప్పాయమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. పరీక్షల ముందు పిల్లలు దండం పెట్టుకున్నారు. ఒకరోజు శేషశయనం గారు కూడా అటుగా వెళ్తూ ఒక క్షణం కళ్లు మూసుకోవడం నేను చూశాను.

మూడు వారాల క్రితం తవిటయ్య రైల్వే వైద్య పరీక్ష కోసం నాలుగు రోజులు సెలవు పెట్టాడు. తిరిగొచ్చేసరికి పైపు లేదు. అక్కడ గడ్డి పరిచి, గులాబీ మొక్కలు నాటి, గ్రానైట్ గద్దె కట్టి ఉంది. వచ్చే వారం కాలేజీని చూడటానికి తనిఖీ కమిటీ రాబోతోంది. వాళ్లకు పచ్చదనం కావాలట. ఎర్త్ ఏమైందని తవిటయ్య శేషశయనం గారిని అడిగాడు. గేటు సంగతి చూసుకోమన్నారు. రాసిచ్చాడు. ఆ కాగితం మీద ఆయన టీ గ్లాసు పెట్టుకున్నారు.

ఇదీ వెనక కథ. ఇక బల్ల దగ్గరికి వద్దాం.

పరీక్ష నిర్వహించే సంస్థ తరఫున హైదరాబాద్ నుంచి వచ్చిన పరిశీలకురాలు వసుంధర గారు కూడా ఆ బల్ల దగ్గరే ఉన్నారు. కవర్లోంచి నన్ను తీసి, తవిటయ్యను ఒక్కటే అడిగారు, నువ్వు లోపలికెళ్లి ఏం చూశావని.

"కరెంటు తిరిగెల్లే న్యూట్రల్ వైరుకీ ఎర్త్‌కీ మద్దిన కొలిచేను మేడమ్. రెండు వోల్టులు దాటకూడదండి. నలబై ఉంది."

మీటరే చెడిపోయి ఉంటుందన్నారు శేషశయనం గారు. తవిటయ్య అటెండరు జేబులోని టార్చిలైటు అడిగి, అందులోంచి కొత్త సెల్ తీసి నా వైర్లకు ఆనించాడు. ఒకటిన్నర చూపించాను. సెల్ మీద కూడా ఒకటిన్నర అనే రాసి ఉంది. వసుంధర గారు రెండూ చదివి లేచారు. అందరూ లేవక తప్పలేదు. అప్పటికి పన్నెండున్నర.

యు.పి.ఎస్. గదిలో ఆవిడ కళ్ల ముందే నా ముల్లు నలభై మీదికి ఎగిరింది. లిఫ్ట్ కదిలినప్పుడల్లా ఇంకా పైకి గెంతింది. ఆ గెంతుకే కంప్యూటర్లను కలిపే పెట్టెలు స్పృహ తప్పి పడిపోతున్నాయి, వాటితోపాటు పరీక్ష తెరలూ. పైపు పోయాక మూడు వందల కంప్యూటర్లు ఒకేసారి నడిచింది ఇవాళే. తవిటయ్య రాగిపట్టీ వెంట నడిచాడు. గోడ, కిటికీ, మళ్లీ గోడ. బయట గడ్డి అంచున పట్టీ నేలలోకి దిగింది. వేళ్లతో మట్టి తీశాడు. జానెడు లోతున పట్టీ ఆగిపోయింది. చివర తళతళలాడుతోంది. ఉలితో నరికిన గుర్తు.

ఆవిడ ఇంకేమీ అడగలేదు, రెండు గంటలలోపు బాగవుతుందా అని తప్ప. తవిటయ్య ప్లంబర్ దగ్గర ఎనిమిదడుగుల ఇనుప పైపు తెప్పించి, గులాబీల మధ్యలో సుత్తితో దింపాడు. నేల తడి నిలవడానికి పైపు చుట్టూ పోయాలంటే అప్పాయమ్మ క్యాంటీన్ నుంచి ఉప్పు, బొగ్గు, బిందెలతో నీళ్లు మోసింది. పట్టీని పైపుకు బిగించాక మళ్లీ నన్ను పెట్టారు. రెండు దగ్గర నిలబడ్డాను. చాలా ఏళ్ల తర్వాత ఉస్తాద్ గుర్తొచ్చాడు.

రెండు గంటలకు రెండో బ్యాచ్ కూర్చుంది. లిఫ్టును కావాలనే పదిసార్లు పైకీ కిందికీ తిప్పి చూశారు. ఒక్క తెరా ఆరలేదు.

అంతా సర్దుకుంది కదా అనుకునే అమాయకత్వం మనుషులకే ఉంటుంది. నాకు లేదు. వసుంధర గారి చేతిలో నివేదిక ఉంది. పొద్దున్న మూడు వందల పన్నెండు మంది పరీక్ష పాడుచేసింది ఎవరనే చోట పేరు ముందే టైపు చేసి ఉంది. శేషశయనం గారి చురుకుదనం. బమ్మిడి తవిటయ్య, సెక్యూరిటీ గార్డు. దాని నకలు స్టేషన్‌కు వెళ్తుంది. రైల్వే కాగితం ఆ స్టేషన్ బల్ల మీదే ఆగిపోతుంది.

ఈ పేరు కొట్టేయాలంటే ఆ చోట ఇంకో పేరు రాయాలి, ఖాళీగా వదలడానికి వీల్లేదన్నారు ఆవిడ. గులాబీల చుట్టూ నిలబడ్డవాళ్లంతా ఒక్కసారిగా పూల అందం గమనించసాగారు. శేషశయనం గారు ఇది తోటపని విభాగం చూడాల్సిందన్నారు. అలాంటి విభాగం లేదు. చైర్మన్ గారు పెద్ద మనసుతో, ఎలాగూ బాగైపోయింది, పేర్లెందుకు, కారణం ఎలకలని రాసేద్దామన్నారు.

"ఎలకలా బాబూ?" అంది అప్పాయమ్మ, ఖాళీ బిందె నేల మీద పెట్టి. "మా తల్లి పైపు మీద గునపం టంగుమని పడినప్పుడు నేను టీలట్టుకుని ఇక్కడే ఉన్నాను. నీళ్ల పైపు కాదయ్యా, తవిటయ్య రోజూ నీళ్లోసేదని సెప్పినాను. ఇన్నారా? పీకి పారెయ్యండన్నారు."

"ఎవరన్నారు?" అని వసుంధర గారు అడిగారు.

అప్పాయమ్మ బిందె మళ్లీ చంకకెత్తుకుంది. క్యాంటీన్ కాంట్రాక్టు ఏటా ఎవరి సంతకంతో వస్తుందో ఆమెకు తెలుసు. తవిటయ్యవైపు చూసింది. అందరూ చూశారు.

నేను అతని ఛాతీ మీద వేలాడుతున్నాను. లోపల గుండె కొట్టుకోవడం నా డబ్బాకు తగులుతోంది. ఇరవై రెండేళ్లు పైవాళ్లకు సెల్యూట్ చేసినవాడు. యంత్రంలో తప్పు ఎక్కడుందో ఎంత పెద్ద అధికారికైనా చెప్పాడు. మనిషిలో తప్పు ఉంటే చెప్పమని అతనికి ఎవరూ నేర్పలేదు, నాతో కొలవడానికీ కుదరదు.

"నాను పేరు సెప్పను మేడమ్," అన్నాడు తవిటయ్య.

చైర్మన్ గారి ముఖం విచ్చుకుంది.

"సెప్పక్కర్లేదండి. రాసే ఉంది."

గ్రానైట్ గద్దె దగ్గరికి వెళ్లాడు. ముందుభాగాన్ని కప్పేసిన వాడిపోయిన బంతిపూల దండను పక్కకు తీశాడు. బంగారు రంగు అక్షరాలు బయటపడ్డాయి. తనిఖీ కమిటీకి బాగా కనబడాలని లోతుగా చెక్కించినవి. చదవండి అన్నారు వసుంధర గారు, పెన్ను మూత తీస్తూ. తవిటయ్య మడమలు కలిపి నిటారుగా నిలబడి, పరేడ్ మైదానంలో చివరి వరసకు వినబడే గొంతుతో చదివాడు.

"ఈ ఉద్యానవనమునకు తమ స్వహస్తములతో తొలి గునపపు పోటు వేసి శంకుస్థాపన గావించినవారు, కళాశాల చైర్మన్, శ్రీ మజ్జి చక్రధరం గారు."