బావ మిరపకాయ కొరికిన రోజు

మా బావకి మిరప గింజల పిచ్చి పట్టిందని ఇరుగుపొరుగు నవ్వుకునేవాళ్లు. నేను మాత్రం నవ్వలేదు. ఆ పిచ్చి ఎందుకు పట్టిందో నాకు తెలుసు.

బావ ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పెద్ద వంటమాస్టరు. నేను ఆయన కింద పనివాణ్ణి. ఆ పని ఇప్పించింది ఆయనే, తన ఇంట్లో గది ఇచ్చింది ఆయనే, ఆ రెండూ రోజుకోసారి నలుగురిలో గుర్తుచేసేదీ ఆయనే. మా వంటింట్లో ఒక పద్ధతుంది. కూర దించాక ముందు నేను రుచి చూడాలి. తర్వాత బావ ఎడమ అరచేతిలో ఒక చుక్క వేసుకుని, నాకి, తల ఊపాలి. ఆ తల ఊగితే తప్ప గుండిగ మూత తీసి వడ్డించడానికి వీల్లేదు. అంట్లు తోమేవాళ్లతో సహా అందరూ ఆ తలకేసి చూస్తూ నిలబడాల్సిందే. ఏం దర్జా అది!

కిందటేడు జ్వరం తగ్గి పనిలోకి వచ్చినప్పటినుంచి బావ తల ఊపేముందు నా మొహంలోకి చూడడం మొదలుపెట్టాడు. నేను మొహం చిట్లిస్తే, "ఉప్పు కాస్త చూడరా" అంటాడు. చిట్లించకపోతే ఊపేస్తాడు. నాకు అనుమానం వచ్చింది. ఒక పొద్దున ఆయన టీలో పంచదార బదులు ఉప్పు కలిపి ఇచ్చాను. చివరి గుక్కదాకా తాగి, "ఇవాళ టీ భలే కుదిరింది" అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. అక్క నా వాలకం చూసి, గ్లాసు అందుకుని, అడుగున మిగిలింది చప్పరించింది. నన్ను బాల్కనీలోకి లాక్కెళ్లింది.

"ఆయన నోటికి ఏదీ తెలియడం లేదురా. వాసన లేదు, రుచి లేదు. మిరపకాయ కొరికినా మంట తెలియట్లేదు. ఈ సంగతి బయటికి పొక్కితే ఆ వంటింట్లో ఒక్క పూట ఉంచరు. నువ్వే కడుపులో పెట్టుకోవాలి."

"నేనెందుకు చెబుతానక్కా?" అన్నాను. నా నాలుకతో ఆయన పెత్తనం చేస్తున్నాడని తెలిశాక నా కడుపు ఎంత మండిందో అక్కకి చెప్పలేదు.

ఆ తర్వాతే బావ గింజలు తెప్పించాడు. అన్నిటికంటే ఘాటైన రకమట. గ్లవ్స్ లేకుండా కోసినవాడు అదే చేత్తో కన్ను నలుపుకుంటే వాడి పని అయిపోయినట్టేనట. "ఇది తగిలిందంటే నాలుకలో ఇంకా ప్రాణం ఉన్నట్టు. ఇది కూడా తగలకపోతే చచ్చినట్టే" అని అక్కతో అన్నాడు. ఆయన ఆశంతా అదే.

గింజల్ని తడి దూదిలో చుట్టి, డబ్బాలో పెట్టి, వెచ్చగా ఉంటుందని ఫ్రిజ్ వెనక దాచాడు. మామూలు మిరపయితే ఆపాటికి మొలిచి ఉండేది. ఇవి ఎంతకీ కదల్లేదు. రోజూ డబ్బా మూత తీసి, ముక్కు ఆనేంత దగ్గరగా చూసి, మళ్లీ పెట్టేవాడు. చాలా గింజలు బూజు పట్టిపోయాయి. ఒక పొద్దున వెంట్రుకంత మొలక కనబడగానే అక్కని కేకేసి పిలిచాడు. బతికిన నాలుగైదింటినీ కాగితం కప్పుల్లో నాటి, పైన ట్యూబులైటు వేలాడదీసి, పసిపిల్లల్ని చూసినట్టు చూశాడు. పక్కింటావిడ ఎగతాళి చేస్తే, "నవ్విన నాపచేనే పండుతుందిలెండి" అంది అక్క.

పండనిస్తానా నేను?

నర్సరీవాడి దగ్గర అచ్చం అలాంటి రకమే ఉంది. అదే ఆకు, అదే ముడతల కాయ, అదే ఎరుపు, కారం మాత్రం బొత్తిగా ఉండదు. బావా అక్కా చుట్టాలింట్లో పెళ్లికని ఊరెళ్లిన రోజున ఆ మొక్కలు తెచ్చి కప్పుల్లో నాటాను. బావ మొక్కల్ని వేళ్లతో సహా పీకి, క్యాంటీన్ వెనక చెత్తకుండీలో పడేశాను. ఆయన తిరిగొచ్చి, "నేను లేకపోయినా ఏపుగా ఎదిగాయే!" అని మురిసిపోయాడు. వాటిని కుండీల్లోకి మార్చి, పూత మీద పురుగు వాలకుండా పలచటి గుడ్డ సంచులు కట్టాడు. కాయలు ఎర్రబడ్డాయి.

ఆదివారం మధ్యాహ్నం కొరుకుతానన్నాడు. నేను క్యాంటీన్ మేనేజరుని భోజనానికి పిలిచాను. బాల్కనీలో ఆయనకి ఒక కాయ కోసి ఇచ్చాను. "ఇది కారం లేనిది సార్. మా బావ నోటికి రుచి పోయి ఏడాదయింది. దీన్ని తిని ఏం చేస్తాడో మీరే చూడండి." మేనేజరు దోసకాయ తిన్నట్టు తిని, తియ్యగా ఉందన్నాడు.

బావ గ్లవ్స్ తొడుక్కున్నాడు. గ్లాసు నిండా పాలు దగ్గర పెట్టుకున్నాడు. మేనేజరు ముందు తన నాలుక సత్తా చూపించే అవకాశం కూడా దొరికిందని హుషారుగా ఉన్నాడు పాపం. కాయని సగానికి కోసి, ఒక ముక్క నాకిచ్చి, రెండోది తను నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ఆగాడు. మళ్లీ నమిలాడు. ఆయన మొహంలో రంగు పోయింది.

అప్పుడు అలవాటు కొద్దీ నా మొహంలోకి చూశాడు.

నేను ఉస్సు ఉస్సుమన్నాను. "అమ్మో! చచ్చాన్రా బాబో!" అని పాలగ్లాసు అందుకున్నాను.

బావ కూడా దగ్గాడు. కళ్లు నులిమి ఎర్రజేసుకున్నాడు. నాలుక బయటపెట్టి ఎగశ్వాస తీస్తూ, నా చేతిలో పాలు లాక్కుని తాగాడు. "ఏం ఘాటు! ఏం ఘాటు సార్!" అన్నాడు. మేనేజరు పళ్లెంలోంచి ఇంకో కాయ తీసి, బావ చూస్తుండగానే మొత్తం నమిలి మింగాడు. అక్క కొంగుతో నోరు నొక్కుకుంది.

"మాస్టారూ, రేపట్నుంచి మీరు రావద్దు. ఇతను చూసుకుంటాడు" అని మేనేజరు నన్ను చూపించి వెళ్లిపోయాడు.

బావ గొడవ చేస్తాడని, నా చొక్కా పట్టుకుంటాడని చూశాను. ఆయన గ్లవ్స్ విప్పుతూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి తలెత్తాడు.

"అది చప్పటిదా? అయితే నా నాలుక ఇంకా ఉందేమోరా! మార్చేశావా? నా మొక్కలేవి?"

"చెత్తలో వేశా."

"అన్నీనా?"

"అన్నీ."

"ఒక్కటి ఉంచాల్సిందిరా. మళ్లీ గింజ మొలిచి, కాయ కాసేదాకా నాకు ప్రాణం ఉందో లేదో తెలియకుండా ఎట్లా బతకను? పెత్తనం కావాలంటే నన్నడగొచ్చుగా. జ్వరం వచ్చిన దగ్గర్నుంచీ నీకు అప్పజెప్పేద్దామని మీ అక్కతో అంటూనే ఉన్నాను. నీకింకా చెయ్యి తిరగలేదని ఆగాను."

అక్కకేసి చూశాను. ఆమె నా ముందున్న కంచం తీసి, తినని అన్నమంతా గిన్నెలోకి తిరగేసింది.

నేనా మాట నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. నమ్మితే ఆ వంటింట్లో మూత తియ్యడానికి నాకు చెయ్యి లేవదు.