నా చాటున దాక్కున్నవాళ్ళు

నేను ఒక ఇంగ్లీషు మాటను. పేరు యాక్సిడెంట్. మీ అందరి నోళ్ళలోనూ నలిగినదాన్నే. ఇవాళ ఒళ్ళు మండి ఉన్నాను, మెత్తగా మాట్లాడలేను.

లాటిన్ వాళ్ళింట పుట్టాను. అక్కడ నా అర్థం వచ్చి మీద పడటం. ఫ్రెంచివాళ్ళ మీదుగా ఇంగ్లీషులో అడుగుపెట్టినప్పుడు జరిగిన సంగతి ఏదైనా నేనే. మంచీ చెడూ తేడా లేదు. తత్వవేత్తలైతే గుర్రం తెల్లగా ఉండటం వట్టి యాక్సిడెంట్ అన్నారు. ఆ తెలుపు లేకపోయినా గుర్రం గుర్రమేనట. ఇద్దరు స్నేహితులు అనుకోకుండా ఎదురుపడినా ఇంగ్లీషువాళ్ళు నన్నే తలుచుకుంటారు. మీ దగ్గరికొచ్చాక నాకు నెత్తురు వాసన తప్ప మరేదీ మిగల్లేదు. అదీ భరించాను. ఏడుకొండలనే మనిషి నోట్లో పడేదాకా.

ఏడుకొండలు గుంటూరు పక్కన ఒక జిన్నింగు మిల్లులో మేస్త్రీ. పత్తిలోంచి గింజ తీసే యంత్రాలు అతని అజమాయిషీలో ఉండేవి. వాటి రోలర్ల మీద ఇనప మూతలుంటాయి. పత్తి ఇరుక్కున్నప్పుడల్లా యంత్రం ఆపి మూత తెరవాలి. సీజన్లో ఆ ఆలస్యం యజమాని కేశవరావుకు గిట్టలేదు.

"ఆ మూతలు పీకి పక్కన పడెయ్" అన్నాడు.

"చేతులు పడతయ్యండీ" అని గొణుగుతూనే ఏడుకొండలు పీకేశాడు. ఆ వారంలోనే యంత్రానికి పత్తి అందించే కూలి దీనమ్మ కుడిచెయ్యి రోలర్ల మధ్యకు పోయింది. ఆస్పత్రిలో మణికట్టు దాకా తీసేశారు.

వెంటనే మూతలు మళ్ళీ బిగించారు. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వస్తే యాక్సిడెంట్ అని చెప్పమన్నాడు కేశవరావు. ఏడుకొండలు ఆ ఒక్క మాటతో ఊరందరికీ జవాబు చెప్పుకున్నాడు. దీనమ్మ మొగుడికీ అదే చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ అతని నాలుక మీద నిప్పునై మండాలని నాకనిపించింది. మాటకు అంత శక్తి ఎక్కడిది?

ఆస్పత్రికి వెళ్ళి దీనమ్మ మంచం పక్కన నిలబడ్డాడు. "యాక్సిడెంట్ అయిపోయింది దీనమ్మా. ఏం చేస్తాం" అన్నాడు.

ఆమె కట్టుకట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని చూసింది. "ఆ మాట నాకూ తెలుసన్నా. దాన్నట్టా ఉంచి, నా చెయ్యి ఎట్టా పోయిందో తెలుగులో చెప్పు."

తెలుగులో చెప్పాలంటే ఎవరు తీయమన్నారో, ఎవరు తీశారో చెప్పాలి.  ఏడుకొండలు తల వంచుకుని బయటికొచ్చేశాడు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కేశవరావు కాఫీ తెప్పించి, "యాక్సిడెంట్ సార్. ఆవిడ అజాగ్రత్త" అన్నాడు.

"కాదండీ" అన్నాడు ఏడుకొండలు.  "మూతలు తీయమని ఈయన చెప్పారు. నేను తీశాను. దీనమ్మ తప్పేం లేదు."

ఇద్దరి మీదా కేసు పెట్టారు. ఏడుకొండలు ఉద్యోగం ఆ పూటే పోయింది. ఆ సాయంత్రం మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళి జరిగింది చెప్పాడు. దీనమ్మ ఎడమచేత్తో అన్నం కలుపుకోవడానికి తంటాలు పడుతోంది. మెతుకులు దుప్పటి మీద పడుతున్నాయి. అన్నీ విని, ముద్ద కింద పెట్టింది.

"ఈ నోరు ఆయన మూత తీయమన్నరోజు లేవాల్సింది గదన్నా."

 ఏడుకొండలు వంగి దుప్పటి మీది మెతుకులు ఏరసాగాడు.