ఎక్కడికని అడిగితే

రెండు కొండల మధ్య వేసిన ఆ జిప్‌లైన్ తీగకు శకునాల పట్టింపు ఉంది. జారుతున్న మనిషిని ఎవరైనా "ఎక్కడికి?" అని అడిగితే చాలు, అది ఆగి, అతన్ని బయల్దేరిన చోటికే వెనక్కి తెస్తుంది. అక్కడ కుర్చీలో కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ బయల్దేరాలి. పరాంకుశానికి ఇది ఆరో గ్లాసు.

అవతలి కొండ మీద అతని భార్య సుభాషిణి ఎదురుచూస్తోంది. పొద్దున ఆమె ఒక్క ఊపున దాటేసింది. "నువ్వు పద, వెనకాలే వస్తా" అన్నాడు పరాంకుశం. పంతొమ్మిదేళ్ల కాపురంలో రంగులరాట్నం దగ్గరా, పడవ దగ్గరా అదే మాట అన్న మహానుభావుడు. ఒక్కసారీ వెళ్లిన పాపాన పోలేదు. ఈసారి రాకపోతే ఆ కొండతోనే వెళ్లిపోతానని ఆమె కచ్చితంగా చెప్పింది. అతను వెనక్కి వచ్చిన ప్రతిసారీ ఆ కొండ సముద్రం వైపు కొంచెం జరుగుతోంది.

ఐదుసార్లూ అడిగింది పక్కింటి కనకవల్లిగారే. ఆవిడ తీగ పక్కనే గాలి మీద పాతచీర పరిచి వడియాలు పెడుతోంది. ఆరోసారి నాలిక్కరుచుకుని, "ఎక్కడికి అనకూడదు కదూ. దూరమా నాయనా?" అంది. తీగ వెనక్కి తిరిగింది.

"ఆవిడ దూరమా అనే కదా అంది" అంటాడు పరాంకుశం.

"మాట మారిస్తే ఏటవుద్ది బాబూ, అడిగింది అదే కదా" అంటాడు బెల్టులు బిగించే అప్పలస్వామి. "తాగండి."

నిజానికి వెనక్కి వస్తున్న ప్రతిసారీ పరాంకుశానికి ప్రాణం లేచి వస్తోంది. కానీ ఇప్పుడు అవతల సుభాషిణి టిఫిన్ డబ్బా విప్పి ఒక్కతే తినడం మొదలుపెట్టింది. అది చూసి అతను గ్లాసు కింద పెట్టేసి మళ్లీ బెల్టు కట్టించుకుంటాడు.

ఈసారి కనకవల్లిగారు నోట్లో కొంగు కుక్కుకుని చేయి మాత్రం ఊపుతుంది. సగం దూరంలో అతని కాళ్లే అడుగుతాయి, "ఎక్కడికి?"

తీగ ఆగుతుంది.

"మా ఆవిడ దగ్గరికి" అంటాడు పరాంకుశం. "భయంగానే ఉంది. అయినా వెళ్తున్నా."

"అయితే మేం రాం" అని కాళ్లు తొడల దగ్గర ఊడి, తీగ మీద నడుచుకుంటూ వెనక్కి పోతాయి. శకునం వాటితోనే పోయింది కాబట్టి మిగిలిన పరాంకుశం ముందుకు జారుతాడు.

"కాళ్లేవండీ?" అంటుంది సుభాషిణి.

"భయపడ్డాయి. వదిలేసి వచ్చాను."

ఆమె కళ్లు తుడుచుకుని, అతన్ని చంకనెత్తుకుని, మిగిలిన పులిహోర అతని నోట్లో పెడుతుంది. ఇద్దరినీ మోసుకుని కొండ లేచి నిలబడుతుంది. దాని పాదాలకు పసుపు, వేళ్లకు మట్టెలు. తడవకుండా అడవిని కుచ్చిళ్లలా కాస్త ఎత్తిపట్టుకుని సముద్రంలోకి దిగుతుంది.