బొడ్డు తాయెత్తు

బరంపురం పెద్దబజారులో వైకుంఠరావుది చింతపండు, ఎండుమిర్చి టోకు వ్యాపారం. తాతల నాటి కొట్టు. బస్తాలోంచి పిడికెడు తీసి అరచేతిలో రెండుసార్లు ఎగరేసి, సరుకులో చెమ్మ ఎంతుందో చెప్పేవాడు. పుచ్చు సరుకు అంటగట్టినవాడి గుమ్మం మళ్ళీ తొక్కకూడదన్నది ఆయన నియమం. ఆ నియమంతోనే కొట్టు నిలబడిందని నమ్మేవాడు. ఇంటి విషయాల్లోనూ ఆయన నడత అదే.

కోడలు వసుధ మొదటిసారి నీళ్ళోసుకున్నప్పుడు, గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డున ఒక హోటల్లో కాబోయే తల్లులకు సభ ఉందని పిలుపు వచ్చింది. అత్త కమలాకుమారి కోడలికి తోడు వెళ్ళింది. భోజనాలు ఘనంగా పెట్టారు. తర్వాత రవికాంత్ అనే తెలుగు కుర్రాడు, కంపెనీ తరఫున వచ్చినవాడు, బొడ్డుతాడు కోశాక అందులో మిగిలే రక్తం గురించి చెప్పాడు. దాంట్లో మూలకణాలుంటాయట. కొత్త రక్తాన్ని పుట్టించే విత్తనాల్లాంటివట. గడ్డకట్టించి దాస్తే ఏళ్ళ తరబడి చెడవట. కమలాకుమారికి సగమే అర్థమైంది. ఆమె ముఖం చూసి ఆ కుర్రాడు దగ్గరకు వచ్చాడు.

"మామ్మగారూ, ఎండిన బొడ్డు వెండి తాయెత్తులో పెట్టి పిల్లల మొలకి కడతారు గదా? మీరు ఎండింది దాస్తారు, మేం తడిది దాస్తాం. అంతే తేడా."

ఆ మాట ఆమెకు నచ్చింది. తన కొడుకు శ్యామసుందర్‌కు చిన్నప్పుడు జ్వరం వస్తే ఆ తాయెత్తు ముంచిన నీళ్ళే పట్టేది. పెద్దల ఆచారాన్ని సైన్సు కూడా ఒప్పుకుంటోందని సంబరపడింది. ఇంటికి వచ్చి భర్తకు నచ్చజెప్పింది. మనవడు లోకనాథ్ పుట్టినప్పుడు బొడ్డు రక్తం తీసి ఏదో దూరపు నగరానికి పంపారు. పిల్లవాడి మొలకు తాయెత్తూ కట్టారు.

ఏడాది నిండకముందే లోకనాథ్ పాలిపోసాగాడు. తలసీమియా అన్నారు. తల్లిదండ్రులిద్దరి రక్తంలో దాగి ఉన్న లోపం బిడ్డలో బయటపడిందట. కొన్ని వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, బతికినన్నాళ్ళూ. వసుధ ఏడుస్తుంటే వైకుంఠరావే ధైర్యం చెప్పాడు. మనం దాసుకున్నది ఉంది కదేటి, ఇలాంటి దినానికే గదా దాసుకున్నాం అన్నాడు.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఒడియాలో నెమ్మదిగా వివరించింది. ఆ రక్తం ఈ పిల్లవాడిదే. వీడి ఒంట్లో ఉన్న లోపమే అందులోనూ ఉంటుంది. అది తెచ్చి మళ్ళీ వీడికే ఎక్కిస్తే మళ్ళీ అదే జబ్బు. పుచ్చు విత్తనం దాచి మళ్ళీ చల్లినట్టన్నమాట అని కమలాకుమారి అర్థం చేసుకుంది. రిక్షాలో వస్తుంటే వైకుంఠరావు, "తడిదీ లేదు, ఎండిందీ లేదు. టోపీ ఏసినారు," అన్నాడు.

వసుధ రెండోసారి గర్భవతి అయినప్పుడు కడుపులో ఉండగానే పరీక్ష చేయించారు. ఈ బిడ్డకు జబ్బు లేదని తేలింది. ఆ సంతోషంలో ఠాకురాణి అమ్మోరికి చీర పెట్టి వచ్చారు. అప్పుడే డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. పుట్టబోయే బిడ్డ రక్తం అన్నకు సరిపడొచ్చు. పడకపోనూవచ్చు. ఏదెలా ఉన్నా బొడ్డు రక్తం తీయించి ఉంచండి. కటక్ ఆసుపత్రివాళ్ళకు ముందుగా చెబితే వాళ్ళే సంచి పంపుతారు, వాళ్ళే దాస్తారు.

రాత్రి భోజనాల దగ్గర వసుధ ఈ సంగతి ఎత్తింది. వైకుంఠరావు చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు.

"ఒకసారి పుచ్చు సరుకు అంటగట్టినోడి కొట్టుకి రెండోసారి ఎల్తారేటి?"

"ఈల్లు ఆల్లు కారు, మావయ్యా. అయినా అది బాబుది. ఇది కడుపులో బిడ్డది. రెండూ వేరు."

"రెండూ బొడ్డు రగతమే గదేటమ్మా? అదే సరుకు. సంచీ మారితే సరుకు మారదు."

శ్యామసుందర్ తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. వసుధ అత్త వైపు చూసింది. కమలాకుమారి మజ్జిగ వడ్డిస్తూ, మీ మావయ్య సెప్పారు గదమ్మా, అంది. ఆమెకు ఆ రోజు ఆ చర్చ అంత పెద్దదిగా కనిపించలేదు. కాన్పు క్షేమంగా జరగాలన్నదే ఆమె మొక్కు.

కాన్పు క్షేమంగానే జరిగింది. చందన పుట్టింది. బొడ్డుతాడు, మాయ స్టీలు తట్టలో పెట్టి, గుడ్డ కప్పి ఆయా బయటకు తీసుకుపోయింది. అది తన పక్కనుంచే పోవడం కమలాకుమారి చూసింది. చూసి పక్కకు తప్పుకుంది, అంతే. ఎండిన బొడ్డు ఊడిన రోజున మాత్రం పక్కబట్టలన్నీ దులిపి వెతికి, కళ్ళకద్దుకుని, కంసాలి చేత వెండి తాయెత్తు చేయించి దాచింది.

చందనకు మాటలు బాగా వచ్చాక బరంపురంలో తలసీమియా పిల్లల కుటుంబాలకు శిబిరం పెట్టారు. చెల్లెలి ఎముకల్లోని మూలుగ అన్నకు సరిపోతుందేమో చూడడానికి, పిల్లలిద్దరి బుగ్గ లోపల దూదిపుల్లతో రాసి తీసుకెళ్ళారు. కొన్నాళ్ళకు ఫోను వచ్చింది. చెల్లెలిది అన్నకు పూర్తిగా సరిపోయింది. వైకుంఠరావు కొట్టు మూసేసి వచ్చి వీధిలో అందరికీ రసగుల్లాలు పంచాడు. లోకనాథ్ ఎందుకో తెలియకపోయినా నాలుగు తిన్నాడు.

కటక్‌లో పెద్ద డాక్టరు మూలుగ మార్పిడి గురించి అంతా చెప్పాడు. కొత్త రక్తాన్ని పుట్టించే మూలకణాలు ఎముకల మూలుగలోనూ ఉంటాయి. చందనకు మత్తిచ్చి, తుంటి ఎముకల్లోంచి సూదులతో మూలుగ తీస్తారు. కొన్నాళ్ళు నొప్పి ఉంటుంది, మూలుగ మళ్ళీ ఊరుతుంది, పాపకు భయం లేదు. పిల్లవాడి సంగతే కాస్త ఆలోచించాలి. ఇన్నేళ్ళుగా ఎక్కించిన రక్తంలోని ఇనుము కాలేయంలో పేరుకుంది. ఇంకా ముందే చేసి ఉంటే బాగుండేది. చెప్పడం ఆపి, మామూలుగా అడిగాడు. పాప పుట్టినప్పుడు బొడ్డు రక్తం తీయించలేదా?

ఆయన వాళ్ళ ముఖాలు చూసి గొంతు తగ్గించాడు. అది ఉంటే అప్పుడే మొదలుపెట్టేవాళ్ళం, అప్పటికి పిల్లవాడు చిన్నవాడు గదా. ఒకవేళ అదొక్కటే చాలకపోయినా, పాప నుంచి తీసేది కొంత తగ్గేదేమో. సరే, అయిపోయిందాని గురించి ఎందుకు, అన్నాడు.

తిరుగు రైల్లో వైకుంఠరావు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. "సాలకపోవొచ్చు అన్నాడు గదే," అన్నాడు భార్యతో. చిలికా సరస్సు దాటాక మళ్ళీ అదే మాట. కమలాకుమారి అవునండీ అంది. ఆయనను ఓదార్చడానికే అంది గానీ, ఆమె కళ్ళకు ఆ స్టీలు తట్టే కనిపిస్తోంది. పారేసేదే గదా అది. బిడ్డకు చిన్న గాటు కూడా పడేది కాదు. ఒక సంచిలో పడితే సరిపోయేది. తను దులిపి వెతికి దాచింది మాత్రం పొట్టు. గింజ ఎదురుగా పోతుంటే దారి ఇచ్చింది. అమ్మోరు చెప్పలేదా అంటే, డాక్టరమ్మ నోట చెప్పించింది. ఇంకెలా చెబుతుంది? రాతిలోంచి లేచి వచ్చి చెబుతుందా?

ఆ వారమంతా వసుధ ఆసుపత్రికి బట్టలు సర్దింది. మావగారికి ఎప్పటిలాగే వేళకు కాఫీ ఇచ్చింది, మందులు అందించింది. ఆ మామూలుతనమే ఆయన భరించలేకపోయాడు.

"ఏదో ఒకటి అను, అమ్మా," అన్నాడు ఒక సాయంత్రం. "నీ నోటంట ఒక్క మాట పడితే నాకు నిద్దరొస్తాది."

వసుధ పెట్టెలోంచి తలెత్తలేదు. "అంటే ఏటొస్తాది, మావయ్యా. పాప ఊలు టోపీ ఎక్కడుందో సూడండి. అక్కడ ఏసీ సల్లగుంటాది."

ఆయన లేచి వెళ్ళి ఇల్లంతా వెతికాడు. టోపీ దొరికింది. తెచ్చి ఇచ్చి, అక్కడే కాసేపు నిలబడ్డాడు. ఆమె దాన్ని మడిచి పెట్టెలో పెట్టుకుంది.

కటక్‌లో లోకనాథ్‌ను ముందే అద్దాల గదిలోకి తీసుకున్నారు. ఘాటైన మందులకు జుట్టంతా రాలిపోయింది. తల్లి తప్ప ఎవరూ లోపలికి పోకూడదు. చందన అద్దం మీద ముక్కు ఆనించి, "అన్న గుండు బాగుంది," అంది. నీ ఒంట్లో రగతం విత్తనాలు కొన్ని అన్నకి ఇస్తావా అని తండ్రి ముందే అడిగి ఉన్నాడు. అప్పుడు పాప చాలాసేపు ఆలోచించి, నాకూ ఉంచుతారా మరి, అని అడిగింది.

చందన వంతు వచ్చిన ఉదయం నర్సు చక్రాల మంచం తెచ్చింది. ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదంది. గాజులు తీశారు. గౌను మార్చేటప్పుడు మొలతాడు కనిపించింది. పండక్కి, ప్రయాణానికి మాత్రమే కట్టే తాయెత్తు దానికి వేలాడుతోంది. బరంపురంలో బయలుదేరేటప్పుడు కమలాకుమారే కట్టింది. ఇప్పుడు ముడి బిగుసుకుని ఆమెకు రాలేదు. శ్యామసుందర్ విప్పాడు.

"అది నాది," అంది చందన.

"నీదేనమ్మా. మళ్ళీ కట్టీస్తాను," అంది కమలాకుమారి.

పిల్ల ఒక్కొక్కరినీ చూసింది. నాన్న చేతిలో గాజులున్నాయి, మామ్మ చేతిలో గౌను ఉంది. చేతులు ఖాళీగా ఉన్నది తాతకే.

"తాతా, నువ్వు ఒట్టుకో. పారీకు."

వైకుంఠరావు చెయ్యి చాచాడు. శ్యామసుందర్ తాయెత్తు ఆయన అరచేతిలో పెట్టాడు. మంచం కదిలింది. తలుపు రెక్కలు తెరుచుకుని మూసుకున్నాయి.

ఆయన బెంచీ మీద కూర్చుని అరచేయి చూసుకున్నాడు. అలవాటు కొద్దీ చెయ్యి కొద్దిగా పైకి లేచింది, ఎగరేయబోతున్నట్టు. వెంటనే పిడికిలి బిగించాడు. అద్దాల గదిలో లోకనాథ్ ఎదురుచూస్తున్నాడు. ఇక్కడ చందన ఎముకల్లోకి సూదులు దిగుతుంటాయి. పిడికిట్లో ఉన్నదానికి బరువే లేదు. ఆయన పిడికిలి విప్పలేదు. తలుపు మళ్ళీ తెరుచుకునేదాకా అలాగే కూర్చున్నాడు.