అవి మందులు కావు

పొద్దున ఎనిమిదింటికి టైలరమ్మ కుట్టుమిషను మీది గుడ్డ పక్కకి నెట్టి మూడు సీసాలు వరసగా పెట్టుకునేది. మొదటిది పెద్దకూతురు తెచ్చిన చేపనూనె గోళీలు, గుండెకి మంచిదట. రెండోది కొడుకు తెచ్చిన జింకో ఆకు మాత్రలు, మతిమరుపు రాకుండా. మూడోది చిన్నకూతురు తెచ్చిన విటమిన్ ఇ, ముడతలు పడకుండా. అరవై నాలుగేళ్ళ మనిషికి కాకపోతే ఇంకెవరికి పడతాయే ముడతలు అని మొగుడు అడగబోయి మానుకున్నాడు. అడగబోయి మానుకోవడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

ఆయన ముప్పై ఏళ్ళు ఒక పెద్ద ఆఫీసులో లిఫ్టు నడిపాడు. అందరూ లిఫ్టాయన అనేవారు. ఎవరు ఏ అంతస్తంటే అక్కడికి తీసుకెళ్ళడమే తప్ప, తను ఫలానా చోట దిగుతానని ఏనాడూ అన్నవాడు కాదు. ఇంట్లోనూ అంతే.

టైలరమ్మకి గుండె దడ ఉంది. డాక్టరు అందుకని రక్తం పల్చబడే మాత్ర ఒకటి రాశాడు. ఈ మూడూ దానికి తోడు చేరాయి. పిల్లలు రోజూ ఫోన్ చేసి, "వేసుకున్నావా అమ్మా?" అని ఎవరి సీసా సంగతి వాళ్ళు అడిగేవారు. ఒకరిది వేసుకుని ఇంకొకరిది మానేస్తే నొచ్చుకుంటారు. ఆవిడకి అబద్ధం చెప్పడం చేతకాదు. అందుకే మూడూ ఒక్క గుక్కలో మింగేసి, ముగ్గురికీ నిజమే చెప్పేది.

దాంతో ఒంటి మీద నల్లమచ్చలు లేచింది మాత్రం లిఫ్టాయనకి. పెళ్ళైన ఏడాది నుంచీ అంతే. ఆవిడకి సూది గుచ్చుకుంటే రక్తం ఆయన వేలికి వచ్చేది. నొప్పి ఆవిడది, రక్తం ఆయనది. మూడు కాన్పులకీ ఆయన సెలవు చీటీ ఇస్తే ఆఫీసులో మారుమాట లేకుండా సంతకం పెట్టారు. బట్టలు కుట్టించుకునేవాళ్ళు కూడా, "చూసి కుట్టమ్మా, పాపం ఆయన డ్యూటీలో ఉంటాడు" అనేవారు.

ఈమధ్య సంగతి ముదిరింది. ఆవిడ మోచెయ్యి తలుపుకి తగిలితే ఆయన మోచేతి మీద అరచెయ్యంత నల్లమచ్చ. ఆవిడ పళ్ళు తోముకుంటే ఆయన చిగుళ్ళలోంచి రక్తం కారడం మొదలయ్యేది.

దూది కొనడానికి వెళ్ళినప్పుడు మందుల షాపు ఆయన ఆ చెయ్యి చూసి, "ఆవిడ ఏమేం వాడుతోందండీ?" అని అడిగాడు. లిఫ్టాయన చెప్పాడు.

"దేనికదే మంచిది. కానీ ఒక్కోటీ రక్తాన్ని కొద్దోగొప్పో పల్చన చేసేదే. అసలు మాత్రకి ఇవన్నీ తోడైతే ఇంక ఆగుతుందా? సీసాలన్నీ సంచిలో వేసుకెళ్ళి డాక్టరు ముందు పెట్టండి."

ఆయన ఇంటికొచ్చి సంచి దులిపాడు.

"అవి మందులా ఏంటండీ?" అంది టైలరమ్మ. "ఒకటి చేప, ఒకటి ఆకు. రేపు అన్నం కూడా పట్టుకెళ్ళి చూపిస్తారా? పిల్లలు ప్రేమగా తెచ్చినవి."

ఆయన సంచి మడిచి యథాస్థానంలో పెట్టాడు.

అంతలో ఆవిడకి గాల్ బ్లాడర్‌లో రాళ్ళు బయటపడ్డాయి. ఆపరేషన్ చేయాలన్నారు. సర్జన్ నెమ్మదస్తుడు. రక్తం పల్చబడే మాత్ర ఏ రోజు నుంచి ఆపేయాలో కాగితం మీద రాసిచ్చి, "ఇంకేమైనా మందులు వాడుతున్నారా అమ్మా?" అని అడిగాడు.

"ఏమీ లేవండీ."

సర్జన్ లిఫ్టాయన వైపు తిరిగాడు. "రక్తం పోయేది మీకు కదా. మీరు చెప్పండి. ఇంకేమీ లేవు కదా?"

లిఫ్టాయన నోరు తెరిచాడు. టైలరమ్మ ఆయన వైపు చూసింది.

"లేవండీ" అన్నాడు.

ఎన్నిసార్లు తలుచుకున్నా ఇక్కడ ఆ మనిషి మీద ఒళ్ళు మండుతుంది. తర్వాత మందుల షాపు ఆయన నిలదీస్తే, "పోతే నాదేగా పోయేది" అన్నాడట.

సర్జన్ చెప్పిన రోజు నుంచి టైలరమ్మ ఆ మాత్ర ముట్టుకోలేదు. అది మానేశాం, ఒంట్లో సత్తువ ఉండాలి కదా అని మూడు సీసాల్లోంచీ రెండేసి వేసుకుంది.

ఆపరేషన్ రోజున ఆవిడని లోపలికి తీసుకెళ్ళి, పక్క గదిలో ఆయనకి మంచం వేశారు. కాసేపటికి ఆయన పొట్ట మీద నాలుగు చోట్ల ఎర్రగా తేలింది. నర్సు దూదీ గుడ్డా సిద్ధంగానే పెట్టుకుంది. కాసేపట్లో ఆగాల్సింది ఆగలేదు. లోపల టైలరమ్మకి ఒక్క చుక్క కూడా పోలేదు. ఇక్కడ మంచం మీది దుప్పటి రెండోసారి మార్చారు. రక్తం ఎక్కించారు. ఎక్కించింది ఎక్కించినట్టే పోయింది. ఆయన రక్తం పరీక్ష చేస్తే ఏ లోపమూ లేదని వచ్చింది. అప్పటికే ఆయనకి తెలివి తప్పింది.

సర్జన్ బయట కూర్చున్న పిల్లల దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "మీ అమ్మగారు ఇంకేదైనా మందు వాడుతున్నారా? త్వరగా చెప్పండి."

ముగ్గురికీ ఎవరి సీసా వాళ్ళకి గుర్తొచ్చింది. ఒక్క చేపనూనెతో ఏమవుతుందిలే అనుకుంది పెద్దది. ఆకే కదా అనుకున్నాడు కొడుకు. విటమిన్ కూడా మందేనా అనుకుంది చిన్నది.

"మందులేమీ లేవండీ" అన్నాడు కొడుకు. ఆడపిల్లలిద్దరూ తలూపారు.

సర్జన్ తన చేతుల వైపు చూసుకుని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు.

టైలరమ్మకి సాయంత్రం మెలకువ వచ్చింది. నర్సు ఆవిడ చేతికున్న సూది తీసింది. ఆ చోట చిన్న రక్తపు బొట్టు తేలింది, టైలరమ్మ చేతి మీదే. పెళ్ళయ్యాక ఆవిడ తన రక్తం చూసుకోవడం అదే మొదలు. ఆ బొట్టు జారి మణికట్టు దాకా వెళ్ళేవరకూ చూస్తూనే ఉంది. పిల్లలు ఎలా చెప్పాలా అని గుమ్మంలోనే నిలబడిపోయారు. వాళ్ళకిక ఆ పని లేకపోయింది.

సర్జన్ వచ్చాక ఆవిడే మొదలుపెట్టింది. "చేపనూనె. జింకో. విటమిన్ ఇ. రెండేసి వేసుకున్నాను."

ఆయన స్టూలు లాక్కుని కూర్చుండిపోయాడు. "ముందే చెబితే అవి కూడా మాన్పించి, ఇంకో రెండు వారాలు ఆగి చేసేవాణ్ణి కదమ్మా."

పెద్దకూతురు గోడకి తల ఆనించి ఏడ్చింది. మిగతా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేకపోయారు.

"ఆయన చెప్పబోయారండీ" అంది టైలరమ్మ. "నేనే ఆయన వైపు అలా చూశాను."

ఆవిడ చేతి మీది దూది పూర్తిగా తడిసిపోయింది. నర్సు కొత్తది పెట్టి మళ్ళీ నొక్కిపట్టుకుంది.