పద్నాలుగు రోజుల నీళ్లు

పైపు చివర బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు విసనకర్రలా విచ్చుకుంటాయి. సొలొమోను ఎప్పుడూ గోడకు పైనుంచి కిందికే కొడతాడు. రాత్రంతా ఆరిన గిలాబు, అంటే గోడ మీది సిమెంటు పూత, నీళ్లు తాగేటప్పుడు సన్నగా చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు ఆగేదాకా ఒకచోటు వదిలి ఇంకోచోటికి పోడు.

గదిలో ఎవరూ లేరు. ఊడదీసిన తలుపులు మూలకు ఆనించి ఉన్నాయి. ఇల్లు బస్వరాజ్‌ది. జహీరాబాద్‌లో విత్తనాల దుకాణం పెట్టుకుని కుటుంబంతో అక్కడే ఉంటాడు. వెనకవైపు పాత మట్టిగోడలు కొన్ని కూలగొట్టి రెండు గదులు ఇటుకతో లేపించాడు. గోడలకు సిమెంటు గిలాబు కాగానే పని ఆపించాడు. మేస్త్రి కల్హేర్‌లో ఇంకో పనికి పోయాడు. నీళ్లు కొట్టేవాడు మిగిలాడు.

సొలొమోనుకు అరవై దాటాయి. కుడి భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది. సిమెంటు తిన్న గోళ్లు. ఎప్పుడూ నాని, ముడతలు పడిన వేళ్లు. నలభై ఏళ్లు మేస్త్రీల వెంట తిరిగినా తాపీ అతని చేతికి రాలేదు. అడగలేదు కూడా. గృహప్రవేశంనాడు మేస్త్రికి బట్టలు పెడతారు. నీళ్లు కొట్టినవాడు అప్పటికి వేరే గోడ దగ్గర ఉంటాడు. అందులో బాధపడవలసింది ఏదో ఉందని అతనికి తోచేది కాదు.

నల్లా కట్టేసి, కిటికీ పక్కన సుద్దముక్కతో గీత గీశాడు. రోజుకొకటి, ఇది పదకొండోది. పద్నాలుగు రోజులు తడిస్తేనే గిలాబు పగలకుండా గట్టిపడుతుంది.

"కాకా, ఉన్నవా?" నల్లాల లైన్‌మన్ మాణిక్యప్ప లోపలికి తొంగిచూశాడు. చేతిలో కాగితం ఉంది. "గీ ఇంటి బిల్లు ఏడు నెలల సంది కట్టలే. ఇయాల ఒంటిగంట లోపట కట్టకుంటే లైను కోస్త."

"మూడు దినాలు ఆగరాదు?"

"నేనాగుత. కాయితం ఆగుతదా? అయినా మనిషి లేని ఇంట్ల నీళ్లు ఎవలు తాగుతుండ్రే?"

"గోడలు."

మాణిక్యప్ప నవ్వాడు. సొలొమోను నవ్వలేదు.

బస్వరాజ్‌కు ఫోను చేశాడు.

"కోయనియ్ సొలొమోను. ఉండనోళ్లకు నల్లా ఎందుకు? మల్లొచ్చినప్పుడు కొత్తది తీస్కుంట."

"గిలాబు ఎండుతది సేటూ."

"పదకొండు దినాలు తాగింది, సాలదా? గోడనా, బర్రెనా?"

బస్వరాజ్ ఫోను పెట్టేశాడు. ఎండాకాలం. వీధి బోరు ఎప్పుడో ఎండిపోయింది. డ్రమ్ములో ఉన్న నీళ్లు ఒక పూటకే వస్తాయి.

జేబులో పెట్టబోతుంటే ఫోను మోగింది. తమ్ముడి కూతురు రోజ. దవాఖానలో ఊడ్చే పని చేస్తుంది.

"పెద్దనాయినా, చిట్టి రాయిచ్చిన. డాక్టరు పన్నెండుకే పోతడు. జల్దీ రా. రాత్రి ఎదల నొస్తుందంటివి గద."

"వస్త బిడ్డా."

నిజంగానే పోదామనుకున్నాడు. మూలమలుపు దాకా నడిచాడు. దవాఖాన ఎడమకు, మున్సిపాలిటీ కుడికి. అక్కడ నిలబడితే తన ఇంటి గోడ గుర్తుకొచ్చింది.

ఇరవై రెండేళ్ల కిందట కట్టుకున్న ఒకే గది. అప్పుడు ఆ వాడలో నల్లా లేదు. భార్య అమృతమ్మ బిందెలతో నీళ్లు మోసుకొచ్చి గోడకు పోసేది. అతను ఊళ్లో ఇతరుల గోడలకు నీళ్లు కొడుతుండేవాడు. నాలుగో రోజు ఆమెకు జ్వరం వచ్చింది. రెండు రోజులు నీళ్లు పడకుంటే ఏమవుతుందిలే అనుకున్నాడు. గోడ నెర్రెలిచ్చింది. ఆ తర్వాత ఆమె పదిహేనేళ్లు బతికింది, ఒక్కసారీ ఎత్తిపొడవలేదు. వానాకాలంలో ఆ నెర్రెల్లో నానిన సిమెంటు రాలితే చీపురుతో ఎత్తి బయట పోసేది. ఆ చీపురు చప్పుడే అతనికి చెవిలో ఉండిపోయింది. ఆమె తిట్టి ఉంటే బహుశా మరిచిపోయేవాడు.

కుడికి తిరిగాడు.

మున్సిపాలిటీలో వరస పొడుగ్గా ఉంది. అతని ముందు పద్దెనిమిది మంది. ఎడమ భుజం లాగుతుంటే స్తంభానికి ఆనుకున్నాడు. సున్నం కింద గిలాబు గట్టిగా, చల్లగా తగిలింది. దీనికెవరో బాగా నీళ్లు కొట్టారనుకున్నాడు. పన్నెండయింది. రోజ రెండుసార్లు ఫోను చేసింది. తీస్తే వరసలోంచి బయటికి పోవాలనిపిస్తుందని తీయలేదు. ఒంటిగంటకు పది నిమిషాలుండగా కిటికీ దగ్గరికి చేరాడు. బనీను జేబులోంచి నోట్లు తీసి ఇచ్చాడు.

"బస్వరాజ్‌కు ఏమైతవ్?" అన్నాడు గుమాస్తా.

సొలొమోను ఆలోచించాడు. "నీళ్లు కొడుత సార్," అన్నాడు.

రసీదు మీద బస్వరాజ్ తండ్రి పేరు అచ్చయింది; నల్లా ఇంకా ఆయన పేరు మీదే ఉంది.

దవాఖానకు పోయేసరికి డాక్టరు గది తాళం వేసి ఉంది. రోజ చీపురు పట్టుకుని ఎదురొచ్చి, అతని చేతిలోని రసీదు చూసింది.

"యాడికి పోయినవ్? ఎవని ఇంటికో నల్లా బిల్లు కట్టొచ్చినవా? నీకేమన్న పిచ్చా?"

"మూడు దినాలైనంక వస్త బిడ్డా. ఇంక మూడు గీతలే."

"ఏం గీతలు?"

చెబితే చాలా చిన్న విషయంగా వినిపిస్తుందనుకున్నాడు. సాయంత్రం గోడకు మళ్లీ నీళ్లు కొట్టాడు. నొప్పి తగ్గినట్టే ఉంది.

పద్నాలుగో రోజు పొద్దున మాణిక్యప్ప ఆ వీధిలో వాల్వు తిప్పుతూ తలుపు లేని గుమ్మంలోంచి లోపలికి చూశాడు. సొలొమోను సిమెంటు సంచి మీద కూర్చుని, వీపు పాత గోడకు ఆనించి ఉన్నాడు. కళ్లు కొత్త గోడవైపు ఉన్నాయి. మాణిక్యప్ప "కాకా" అని రెండుసార్లు పిలిచాడు, భుజం తట్టాడు, తర్వాత రోజకు కబురు పంపాడు.

అమృతమ్మ పక్కనే పూడ్చారు. బస్వరాజ్ సాయంత్రానికి వచ్చాడు. శ్మశానం నుంచి ఇంటికి వచ్చి, ఏం చేయాలో తోచక గోడను వేళ్లతో అక్కడక్కడా తట్టి చూశాడు. ఎక్కడా బోలుగా మోగలేదు. కిటికీలో సుద్దముక్క కింద రసీదు దొరికింది. తండ్రి పేరు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. పక్కన పదమూడు గీతలున్నాయి. అవేమిటని వెంట వచ్చిన మాణిక్యప్పను అడిగాడు.

"గవి నాకెట్ల తెలుస్తయ్ సేటూ. కానీ ఇయాల నీళ్లు పడనట్టుంది," అన్నాడు మాణిక్యప్ప.

బస్వరాజ్ నల్లా తిప్పి పైపు అందుకున్నాడు. చివర ఒకచోట పైపు అరిగి, పలచబడి, లోపలికి వంగి ఉంది. అతని బొటనవేలు వెతక్కుండానే అందులో కూర్చుంది.