ఒక ఐస్‌క్రీమ్ మర చూసిన జులైలు

నేను ఒక ఐస్‌క్రీమ్ మరని. కరెంటుతో తిరిగేదాన్ని కాను, చేత్తో తిప్పేదాన్ని. దేవదారు పలకల బకెట్టు, దాని మధ్యలో రేకు డబ్బా, డబ్బాలో చెక్క రెక్కలు, పైన ఇనప పళ్లచక్రం, పక్కన ఒక పిడి. ఇంతే నా ఒళ్లు. బకెట్టుకీ డబ్బాకీ మధ్య ఐసుముక్కలూ రాళ్లుప్పూ కూరి, డబ్బాలో మీగడా పంచదారా పోసి అరగంట తిప్పితే చాలు. తిప్పేవాళ్లకి చెమట, తినేవాళ్లకి చల్లదనం. ఈ రెండూ ఒకే మనిషికి దక్కడం చాలా అరుదుగా చూశాను.

పుట్టింది అమెరికాలో, న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలో, 1909లో. మరి తెలుగెలా వచ్చిందంటారా? అది చివర్లో చెబుతాను.

ఆ దేశానికి జులై నాలుగు స్వాతంత్ర్య దినం. ఆ రోజు ఐస్‌క్రీమ్ లేకపోతే, వచ్చిన స్వాతంత్ర్యం వెనక్కి పోయినట్టు దిగాలుపడతారు జనం. కాబట్టి ఏడాదంతా అటక మీదుండే నేను జులై మొదటివారంలో కిందికి దిగుతాను. నా జాతకమేమిటో గానీ, ఆకాశానికి పిచ్చెక్కేది కూడా చాలాసార్లు ఆ వారంలోనే.

నా మొదటి యజమానురాలు మార్తా విట్‌కోంబ్. విధవరాలు. నూలుమిల్లులో పనిచేసే ఆడపిల్లలకి గదులు అద్దెకిచ్చి, వంట చేసి పెట్టేది. నోరు మహా కరుకు. అయినా ఆవిడ ఇంట్లో ఏ పిల్లా ఆకలితో పడుకునేది కాదు. 1911లో జులై రావడమే నిప్పులు పోసుకుంటూ వచ్చింది. రోడ్డు మీద తారు కరిగి చెప్పులకి అంటుకుంటోంది. గుర్రాలు నడుస్తూ నడుస్తూ కూలిపోతున్నాయి. నాలుగో తారీకున మార్తా మీగడ సిద్ధం చేసి, నన్ను వసారాలో పెట్టి, ఐసుబండి కోసం వీధిలోకి చూస్తూ కూర్చుంది. దాన్ని తోలేవాడు ఎమిల్ నొవాక్. ఇరవై నాలుగేళ్లవాడు, అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడడు.

బండి వచ్చింది. దాని మీద ఒకే ఒక్క ఐసుదిమ్మ. ఆ దిమ్మ మీద తడిగోనె, గోనె మీద ఒళ్లు తెలియకుండా ఒక పిల్ల.

"ఐసు తెమ్మంటే పిల్లని తెచ్చావేమిట్రా?" అని అరిచింది మార్తా. దగ్గరికెళ్లి చూసింది. "అయ్యో, మన సెలీనా!"

సెలీనా గాన్యోన్ ఆవిడ ఇంట్లోనే ఉండే మిల్లుపిల్ల. పొద్దుటినుంచీ ఊరేగింపు చూస్తూ ఎండలో నిలబడి పడిపోయిందట.

"ఐసు కూడా తెచ్చానమ్మగారూ" అన్నాడు ఎమిల్. "ఊళ్లో మిగిలింది ఇదొక్కటే. కానీ ఇప్పుడిది ఈ అమ్మాయికి కావాలి."

మార్తా ఒకసారి నా వైపు చూసింది, ఒకసారి మీగడ గిన్నె వైపు చూసింది. అంతే, సుత్తి అందుకుని దిమ్మని పగలగొట్టింది. ఆ ముక్కలన్నీ నాలో పోశారు, కానీ ఉప్పు వెయ్యలేదు. గుడ్డల్లో చుట్టి పిల్ల మెడకీ చంకలకీ పెడుతూ, కరిగేకొద్దీ మార్చుతూ మధ్యాహ్నమంతా గడిపారు. ఆ ఎండల్లో ఆ చుట్టుపక్కల రాష్ట్రాల్లో ఎంతోమంది చనిపోయారు. ఆ లెక్కలో సెలీనా కూడా చేరిపోతుందేమోనని మార్తా పెదాలు కదులుతూనే ఉన్నాయి. తిట్టుకుంటోందో దేవుణ్ణి వేడుకుంటోందో నాకు తెలియలేదు. ఆవిడ రెండూ ఒకే గొంతుతో చేసేది.

సాయంత్రానికి పిల్ల కళ్లు తెరిచింది. తెరిచి, "ఐస్‌క్రీమ్ అయిందా?" అనడిగింది.

"మీగడ విరిగిపోయింది. ఉప్పేసుకుని తిను" అంది మార్తా. అనేసి వంటింట్లోకి వెళ్లి, ముక్కు చీదుకుని వచ్చింది.

ఎండలు పదకొండు రోజులున్నాయి. బండిలో ఐసు లేకపోయినా ఎమిల్ రోజూ వచ్చాడు. ఖాళీబండితో ఎందుకొస్తున్నావని ఎవరూ అడగలేదు. మరుసటేడు సెలీనాకీ అతనికీ పెళ్లయింది. నెబ్రాస్కాలో ఎమిల్ చిన్నాన్నకి పొలం ఉంది, ఇద్దరూ అక్కడికి బయల్దేరారు. మార్తా పెళ్లికానుకగా నన్నిచ్చింది. "దీంతో ఎప్పుడైనా ఐస్‌క్రీమ్ కూడా చేసుకోండి" అంది.

నెబ్రాస్కా అంటే కంటికి అడ్డం లేని నేల. ఎటు చూసినా గోధుమే. ఐసు దొరకాలంటే మాత్రం రైలుస్టేషనున్న ఊరికి పోవాలి. కాబట్టి అక్కడ నాకు పని తక్కువ, దుమ్ము ఎక్కువ. సెలీనా ఆ ఇంట్లో ముగ్గురు పిల్లల్ని కంది, కోళ్లని పెంచింది. భర్త చేత నెలకి పది మాటలైనా మాట్లాడించడం నేర్చుకుంది.

1928 జులై ఆరు. పంట పండి, పొలం పసుపుపచ్చగా మెరుస్తోంది. సోమవారం కోతలు పెట్టుకున్నారు. మధ్యాహ్నం దాటాక పడమటి ఆకాశం ఆకుపచ్చగా మారింది. ఆ రంగు చూసి ఎమిల్ పరుగెత్తుకుంటూ వచ్చి, పిల్లల్ని నేలమాళిగలోకి దింపాడు. నన్ను దింపాలని ఎవరికీ తోచలేదు, వసారాలోనే ఉండిపోయాను.

మొదట నిమ్మకాయలంత వడగళ్లు. తర్వాత బత్తాయిలంత. కొట్టం రేకులు చిల్లులు పడుతున్న చప్పుడుకి చెవులుంటే చెవిటిదాన్నయిపోయేదాన్ని. ఆ రోజే పాటర్ అనే ఊళ్లో ఏడంగుళాల వెడల్పు గడ్డ ఒకటి పడిందని తర్వాత చెప్పుకున్నారు. మా పొలంలో అంతటివి పడలేదు, కానీ పడినవి చాలు. పావుగంటలో అంతా అయిపోయింది. ఎండ కూడా వచ్చేసింది, ఏమీ ఎరగనట్టు.

గోధుమ నేలకి అతుక్కుపోయింది. ఒక్క వెన్నూ నిలబడి లేదు. ఎమిల్ పొలం గట్టుదాకా వెళ్లి, తిరిగొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. టోపీ తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. సెలీనా రెండుసార్లు పిలిచింది, అతను టోపీ అంచే తడుముతున్నాడు. ఏడ్చే మగవాణ్ణి ఓదార్చడం ఆవిడకి తెలుసు. ఈ మనిషి ఏడవనూ లేదు. నాకు భయమేసింది.

ఆవిడ అతన్ని దాటుకుని వసారాలోకి వచ్చింది. తర్వాత నన్ను చంకనేసుకుని పొలంలోకి దిగింది. ఒంగి ఒంగి వడగళ్లు ఏరింది. మట్టి అంటనివి, తెల్లటివి చూసి చూసి ఏరింది, సంతలో కూరగాయలు ఏరినట్టు. నిండిన బకెట్టు తెచ్చి మొగుడి కాళ్ల ముందు దబ్బున పెట్టింది.

"ఏమిటిది?" అన్నాడు ఎమిల్.

"ఐసు. పదహారేళ్లుగా స్టేషనుకెళ్లి తెమ్మంటే ఎండనీ దూరమనీ వంకలు చెబుతున్నావు. ఈసారి వాకిట్లోకే వచ్చింది. తిప్పు."

"సెలీనా, మన పంట పోయింది."

"పోయింది. నువ్వు తిప్పకపోతే తిరిగొస్తుందా?"

మీగడ ఉంది, కోళ్లు పెట్టిన గుడ్లున్నాయి, పశువులకి పెట్టే ఉప్పుంది. ఎమిల్ పిడి పట్టుకున్నాడు. మొదట ఊరికే తిప్పాడు. తర్వాత గట్టిగా తిప్పాడు. ఆ తర్వాత ఎంత కసిగా తిప్పాడంటే నా పళ్లచక్రం ఊడిపోతుందనుకున్నాను. ఆ ఊపులోనే అతని భుజాలు కదిలాయి, కళ్లల్లోంచి నీళ్లు కారాయి. చెమటలో కలిసిపోయాయి కాబట్టి పిల్లలు గమనించలేదు. సెలీనా గమనించింది, గమనించి ఇంకో గుప్పెడు వడగళ్లు పోసింది.

పక్క పొలాలవాళ్లు, అందరూ పంట పోయినవాళ్లే, ఒకళ్ల నష్టం ఒకళ్లు చూసుకుందామని వచ్చి అక్కడే ఆగిపోయారు. ఒకామె ఇంటికెళ్లి మీగడ తెచ్చింది, ఇంకొకామె ఎండుద్రాక్ష తెచ్చింది. నేను ఆ రోజు నాలుగు విడతలు తిరిగాను. తింటూ తింటూనే మాటలు మొదలయ్యాయి. ఇంకా అదను దాటలేదు, కొర్రలు చల్లొచ్చన్నారు ఒకరు. విత్తనం నా దగ్గరుందన్నారు ఇంకొకరు. ఎమిల్ గిన్నె నాకేసి, "రేపు దున్నుదాం" అన్నాడు. ఆ నెలలో అతని పదకొండో మాట అది. ఆ ఏడు పశువులకి మేత దొరికింది, ఇల్లు నిలబడింది.

1936 జులై గురించి ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాను. ఆ ఎండలకి నా పిడి పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. ఎమిల్ లోదుస్తులతో వసారాలో కూర్చుని, నాలో బావినీళ్లు పోసి, రెండు కాళ్లూ అందులో పెట్టుకుని వారం గడిపాడు. ఐస్‌క్రీమ్ మరకి ఇంతకంటే అవమానం ఉండదు. ఆ కాళ్ల యజమాని మొహంలో ఆనందం చూసి క్షమించాను.

తర్వాత ఇళ్లలోకి ఫ్రిజ్జులొచ్చాయి. సెలీనా మనవరాలు నన్ను ఒహాయో రాష్ట్రానికి తీసుకెళ్లింది. కొన్నేళ్లు గొడుగులు పెట్టుకుంది, కొన్నేళ్లు పాత పేపర్లు. చివరికి ఇల్లు మారుతూ వాకిట్లో పెట్టి అమ్మేసింది. కొన్నది సువర్చల.

సువర్చల కొలంబస్ ఊరి శివార్లలో, ఒక హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పేది. గిన్నెలతో, కుక్కరుతో, మొక్కలతో కూడా తెలుగులోనే మాట్లాడేది. నాకు వచ్చిన తెలుగంతా ఆవిడ చలవే. నన్ను చూడగానే, "ఎంత బావుందో! మజ్జిగ చిలకడానికి పనికొస్తుంది" అంది. చిలికింది కూడా. వెన్న బాగానే వచ్చింది. 

పక్కింటాయన రేమండ్ హాస్కిన్స్, డెబ్బై దాటిన ఒంటరి మనిషి. సువర్చల వసారాలో గుమ్మడి వడియాలు ఎండబెడితే, ఆ ముద్దలేమిటో చెప్పాలంటూ తలుపుకి చీటీ అంటించేవాడు. ఆవిడ ఆ చీటీలో తప్పులు ఎర్రసిరాతో దిద్ది, తిరిగి ఆయన తలుపుకి అంటించేది. మూడేళ్లు వాళ్ల స్నేహం ఇదే.

2012లో జూన్ ఆఖరున ఒక సాయంత్రం, పడమటినుంచి నల్లటి గోడలాగ గాలి వచ్చింది. ఆ గాలికి రాష్ట్రాలు దాటి చెట్లు పడ్డాయి. రేమండ్ ఇంటి మేపుల్ చెట్టు విరిగి మా గరాజు మీద పడింది. కొత్త డీప్ ఫ్రీజరు అప్పడమైంది. ప్లాస్టిక్ ఐసుపెట్టె తునాతునకలైంది. నేను దొర్లుకుంటూ పచ్చిక మీదకొచ్చి ఆగాను, పిడికి ఒక గీత పడిందంతే. సువర్చల భర్త పనిమీద టెక్సస్ వెళ్లి ఉన్నాడు. ఇంట్లో ఆవిడ ఒక్కతే. కరెంటు పోయింది. రావడానికి వారం పడుతుందన్నారు. ఎండ నూరు ఫారెన్‌హీట్ డిగ్రీలకి దగ్గర్లో ఉంది.

జులై ఒకటిన ఆవిడకి ఒక సంగతి కనబడింది. రేమండ్ తన కారులో, ఇంజను నడుస్తుండగా, ఒళ్లో చిన్న సంచి పెట్టుకుని కూర్చున్నాడు. గంట తర్వాత కూడా అక్కడే ఉన్నాడు. వెళ్లి అద్దం మీద కొట్టింది.

"రేమండ్ గారూ, ఎక్కడికైనా వెళ్లాలా?"

"లేదు."

"మరి?"

ఆయన సంచి మీద చెయ్యేసి దాచబోయాడు. "ఇన్సులిన్" అన్నాడు చివరికి. "వేడికి పాడవుతుంది. కారులో ఏసీ ఉందిగా."

"పెట్రోలెంతుంది?"

ఆయన వేలితో మీటరు చూపించాడు, ముల్లు అడుక్కొచ్చింది. బంకులకీ కరెంటు లేదు. మందుల షాపుకి ఫోను కలవడం లేదు.

"అయ్యో, ఒక్క మాట చెప్పకూడదూ!"

"నా చెట్టు మీ ఇంటిమీద పడింది. ఆ మీదట మిమ్మల్నే సాయం అడగమంటారా?"

"మీరు అడగలేదుగా. నేను అడుగుతున్నాను. ఆ సంచి ఇటివ్వండి."

అరవై కిలోమీటర్లు వెళ్లి, రెండుచోట్ల లేదనిపించుకుని, చేపల ఎరలమ్మే కొట్లో రెండు సంచుల ఐసు సంపాదించింది సువర్చల. రేమండ్ నన్ను చూసి, "మా అమ్మకి ఇలాంటిదే ఉండేది. ఉప్పు తెస్తానుండండి" అని లేవబోయాడు.

"ఉప్పేశారంటే చంపేస్తాను" అంది కెమిస్ట్రీ టీచరు. "ఉప్పేస్తే సున్నా కిందికి పోతుంది. ఇన్సులిన్ గడ్డకడితే ఇక పారెయ్యడమే."

సీసాలు పొడిగుడ్డలో చుట్టి నా డబ్బాలో పెట్టింది. చుట్టూ ఐసు, పైన రెండు దుప్పట్లు. ఆరు రోజులు అలా కూర్చున్నాను. వీధిలోవాళ్లకి ఎక్కడ ఐసు దొరికినా ముందు ఒక గిన్నెడు తెచ్చి నాలో పోసేవాళ్లు. జులై నాలుగున దూరంగా ఎక్కడో బాణాసంచా పేలింది. నేను కదల్లేదు. నాలో ఒక మనిషి ప్రాణం ఉంది. రేమండ్ పూటపూటకీ వచ్చి, దుప్పటి ఎత్తి చూసి, మళ్లీ కప్పేవాడు. మూడోరోజు వడియాలు తిన్నాడు. ఐదోరోజు ఇంకా ఉన్నాయా అనడిగాడు.

ఆరో తారీకు సాయంత్రం ఒక్కసారిగా వీధి మొత్తం ఏసీలు గుర్రుమన్నాయి. సీసాలు ఫ్రిజ్‌లోకి వెళ్లాయి. నాలో సగం ఐసు మిగిలింది. సువర్చల మామిడి గుజ్జు డబ్బా తెరిచింది, పక్కవాళ్లు పాలు తెచ్చారు. అప్పుడేశారు ఉప్పు. రేమండ్ ఎవరికీ పిడి ఇవ్వలేదు. ఇళ్లల్లో చల్లగా ఉంది. అయినా ఒక్కరూ లోపలికి పోలేదు, చెమట కక్కుకుంటూ నా చుట్టూ పచ్చిక మీదే కూర్చున్నారు. రేమండ్ తన వాటాగా ఒకే ఒక్క చెంచా తీసుకుని, దాన్ని పావుగంట తిన్నాడు.

మరుసటేడు జులై మూడున గుమ్మం ముందు చప్పుడైంది. భుజాన ఐసుమూటతో రేమండ్. సువర్చల కంగారుగా బయటికొచ్చి ఆకాశం చూసింది. ఎక్కడా మబ్బులేదు. గాలి మెత్తగా ఉంది.

"ఏమైంది రేమండ్ గారూ?"

"ఏమీ అవలేదు" అన్నాడాయన. "అయినా చేద్దాం."